పళ్లెం మోసినోళ్ల పేర్లేవి?

మా ఇంటిపేరు బేగరి. మొయినాబాద్ మండలం చిన్న మంగళారం మాలవాడలో మా ఒక్క ఇంటికే కాదు, ఇంకా చాలా ఇండ్లకు ఇదే ఇంటిపేరు. చేవెళ్ల దిక్కు ఏ సర్కారు బడిలో హాజరు పట్టీ తెరిచినా ఒకరిద్దరు బేగరోళ్ల పిల్లలు దొరుకుతరు. ఈ మాట రాజ్యాంగంలో కూడా ఉంది. 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, బేగార్‌ను, బలవంతపు చాకిరిని నిషేధించింది. 1950 జనవరి 26 నుంచి నిషేధంలో ఉన్న మాట మా పిల్లల పదో తరగతి మెమోల మీద ఇయ్యాల్టికీ అచ్చయి వస్తున్నది. చాకిరి చేసినోళ్లకు చాకిరి పేరే ఇంటిపేరయింది. చేయించుకున్న ఇండ్లకు మహల్ అని, భవన్ అని, నిలయం అని పేర్లు పెట్టుకున్నరు.

నేను రాయబోయేది ఆ పెద్ద ఇండ్ల గురించి, వాటిల్ల పనిచేసినోళ్ల గురించి. చలికాలం రాష్ట్రపతి బొల్లారం విడిదికి వచ్చినప్పుడు పత్రికలు ఏ రోడ్డు మూసిన్రో రాస్తయి, తేనీటి విందుకు ఎవరెవరు వచ్చిన్రో రాస్తయి. ఆ తేనీటి కప్పులు కడిగిందెవరో రాయవు. ఈ మౌనం పత్రికలోళ్ల మరుపు కాదు. పని కనబడాలె, పనిచేసే మనిషి కనబడొద్దు అనేది ఈ దేశంలో పెద్ద ఇండ్ల ధర్మం. ఆ ధర్మానికి పాత పేరు కులం.

ముందు బేగార్ సంగతి. తాలూక్దారు దౌరాకు వస్తున్నడంటే మా తాతల గుండెల్లో రాయి పడేది. గుడారాలు మోసుడు, కట్టెలు కొట్టుడు, గుర్రాలకు గడ్డి కోసుకొచ్చుడు, బాయి నుంచి నీళ్లు తెచ్చుడు, రాత్రంతా కాపలా ఉండుడు. కూలి లేదు. సొంత పొలంలో నాటు ఆగినా, ఇంట్ల పీనుగు లేచినా రావాల్సిందే. దొర గడీలో వెట్టి గురించి చాలా రాసిన్రు, మంచిదే. కానీ సర్కారు కొలువుదార్ల డేరాలకు వెట్టి చేసిందీ మేమే. రాజు ఇల్లు నగరంలోనే ఉంటదని పుస్తకాలు చెప్తయి. ఆ ఇంటి నౌకరీ మాత్రం మా వాడ దాకా పాకి ఉండె. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా మొత్తం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఇంటి ఖర్చుకు విడిచిన భూమి. 1949లో దాన్ని దివానీలో కలిపేదాకా, ఆ జిల్లాలో నాగలి పట్టిన ప్రతి మనిషీ ఒక లెక్కన నిజాం ఇంటి పనోడే.

ఆ ఇల్లు ఎంతటిదో ఒక లెక్క ఉంది. 1967లో ఏడో నిజాం చనిపోయి మనుమడు ముకర్రం జా వారసుడయ్యే నాటికి ఆ ఇంటి కింద బతికే నౌకర్లు, పరివారం అంతా కలిపి 14,718 మంది అని జాన్ జుబ్రిస్కీ ‘ది లాస్ట్ నిజాం’ పుస్తకంలో రాసిండు. తాగే నీళ్లు తెచ్చేటందుకే 28 మంది. షాండ్లియర్ల దుమ్ము తుడిచేటందుకే 38 మంది. చదువుకున్నోళ్లు ఈ అంకెలు చూసి నిజాం విలాసం అని నవ్వుకుంటరు. నేను ఆ 38 మంది మెడల గురించి ఆలోచిస్తా. ఏండ్లకేండ్లు తల పైకెత్తి గాజు తుడిచిన మనిషికి ముసలితనంలో మెడ తిరిగేదా? ఆ 28 మందిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? షాండ్లియర్ ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పే గైడు ఉంటడు. తుడిచినోడు ఏ ఊరోడో చెప్పే గైడు లేడు.

ఇగ ఢిల్లీ. వైస్రాయి కోసం కట్టిన ఇల్లే ఇయ్యాల్టి రాష్ట్రపతి భవన్. 340 గదులు, చుట్టూ 330 ఎకరాల ఆవరణ. వైస్రాయిల కాలంలో అక్కడి తోటల్ల నాలుగు వందల మందికి పైగా మాలీలు ఉండేటోళ్లని, వాళ్లలో 50 మంది పిట్టలు తోలే పోరగాళ్లని ఆ కాలం మీద వచ్చిన పుస్తకాలు చెప్తయి. బడికి పోవాల్సిన ఈడులో వైస్రాయి పూల మీద పిట్ట వాలకుండా చప్పట్లు కొట్టుడు వాళ్ల కొలువు. ఆ తోట పేరు 2023 జనవరిలో మొఘల్ గార్డెన్స్ నుంచి అమృత్ ఉద్యాన్‌గా మారింది. పేరు మార్చినందుకు దేశమంతా చర్చ జరిగింది. మొఘలులదా మనదా అని కొట్లాడిన్రు. తోట ఎవరి పేరు మీద ఉండాలని అడిగినోళ్లలో ఒక్కరు కూడా మాలీల పేరు తీయలేదు.

మన బొల్లారం నిలయం కథ కూడా అదే. 1860లో కట్టిన ఇల్లు. బ్రిటిష్ రెసిడెంటు ఊరి బయట విడిది చేసే బంగళా. 1950లో కేంద్ర ప్రభుత్వం నిజాం దగ్గర 60 లక్షల రూపాయలకు తీసుకుంది. 90 ఎకరాల ఆవరణ, ఒంటి అంతస్తు, 11 గదులు. వంటిల్లు వేరే. ఆ వంటింటి నుంచి భోజనాల గదికి భూమి లోపల ఒక సొరంగం ఉంది. అన్నం ఆ సొరంగంలోంచి వచ్చేది. 2023 మార్చి 22న, ఉగాది నాడు, నిలయాన్ని ఏడాది పొడుగునా జనం చూసేటట్లు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించింది. సొరంగం గోడల మీద చేర్యాల బొమ్మలు వేసిన్రు. ఇప్పుడు టికెట్టు తీసుకొని బడి పిల్లలు ఆ సొరంగంలో నడుస్తున్నరు.

జనానికి తలుపు తెరిచినందుకు నాకు సంతోషమే. కానీ పిల్లలకు చరిత్ర చెప్పే పంతులుగా ఒక మాట అడగాలె. అన్నం భూమి మీద నుంచి ఎందుకు రాలేదు? ఎండ, వాన, దుమ్ము తగలకుండా అని జవాబు చెప్తరు. సరే, పళ్లానికి ఎండ తగలొద్దు. మరి పళ్లెం పట్టుకున్న మనిషి దొరల కండ్లకు, దొరసానుల కండ్లకు తగలకుండా ఉండుడు కూడా అందులోనే కలిసి వచ్చింది గదా. ఊరి ఎల్లలకు బయట వాడ, ఇంటి వెనుక పాకీ దొడ్డికి సందు, బంగళాకు వెనుక గేటు, నిలయానికి సొరంగం. ఇవన్నీ ఒక్క వాస్తు. చేర్యాల నకాషీలు తరతరాలుగా కులాల పురాణాలు గుడ్డ మీద బొమ్మలుగా గీసిన్రు. డక్కలోళ్లు మాదిగల ముందట విప్పే జాంబ పురాణం పటం కూడా ఆ చేతుల్లోదే. అసొంటి బొమ్మలున్న సొరంగంలో, నూటికి పైగా ఏండ్లు పళ్లాలు మోసినోళ్ల పురాణం ఎవరు గీయాలె? నేను చదివిన ఏ చరిత్రలోనూ వాళ్ల పేర్లు లేవు.

తెల్లోని వంటింట్లోకి మనం పోగలిగినం. ఎందుకు? పెద్దకూర వండుటానికి, వాళ్ల ఎంగిలి కంచాలు ఎత్తుటానికి సవర్ణులు ఒప్పుకోలేదు. అందుకే దొరల ఇండ్లల్ల బట్లర్లు, ఆయాలు, వంటోళ్లుగా దళితులు చేరిన్రు. అది బానిస కొలువే. అయినా అక్కడ నెల జీతం ఉండె, ఇంగ్లీషు మాట చెవిన పడేది. మాదరి భాగయ్య అనే పిల్లగాడు డోస్ శాంటోస్ అనే క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరిండు. ఆ పిల్లగాడే 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిండు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. 1917లో బెజవాడలో పంచముల సభకు అధ్యక్షత వహించి, మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పించిండు. పనోడి గదిలోంచి కూడా ఉద్యమం పుడుతదని చెప్పేటందుకు ఇది రాస్తున్న. ఇంటిపని చేసినోళ్లను తెలివి లేనోళ్లుగా చూసే మన మేధావులు కూడా ఇది చదవాలె.

మరి స్వరాజ్యం వచ్చినంక ఏమైంది? మొదటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కాశీలో 200 మంది బ్రాహ్మణుల కాళ్లు కడిగిండని రామ్ మనోహర్ లోహియా మండిపడి రాసిండు. దేశాధినేత ఎవరి కాళ్లు కడుగుతడో తెలిసిపోయింది. ఆయన ఇల్లు కడిగేటోళ్లు ఎవరో ఎవరూ అడగలేదు. తెల్లోడు మన చేతి కూడు తిన్నడు. మనోళ్లనుకున్నోళ్లు ఇంకా తినలేకపోతున్నరు. బళ్లల్ల మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిందని అగ్రకుల పిల్లలు అన్నం ముట్టలేదు. పిల్లలకు ఆ బుద్ధి ఇంట్లోంచే వచ్చింది. వాళ్ల తాతలకు పెద్ద పెద్ద ఇండ్లల్లోంచి వచ్చింది.

ఇప్పుడు మా నాయిన సంగతి చెప్త. నగరంలో ఒక పెద్ద సర్కారు బంగళాలో 1986లో రోజుకూలి మాలీగా చేరిండు. బంగళా పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్క బంగళా కథ అయిపోతది. చీకటితోనే లేచి, రోడ్డు దాకా నడిచి, మొదటి బస్సుకు మెహదీపట్నం పోయి, అక్కడ ఇంకో బస్సు మారేటోడు. లాన్ కోసుడు, గులాబీలకు కొమ్మ కత్తిరించుడు, ఎరువు వేసుడు. గ్లాడియేటర్, ఎడ్వర్డ్ అని గులాబీ రకాల పేర్లు ఆయన నోటి నుంచే నేను మొదట విన్న. విందు ఉందంటే పొద్దటి నుంచి రెండు వందల పూల కుండీలు మోసి వరండాలో పేర్చాలె. పేర్చుడు అయిపోయినంక, అతిథులు వచ్చే ముందే, మాలీలంతా పంపు గది వెనుకకు పోవాలె. అందరూ వెళ్లిపోయేదాకా అక్కడ్నే కూసోవాలె. చలికాలమైనా, దోమలు కుట్టినా అక్కడ్నే. కుండీలు చూసి బాగున్నయన్నోళ్లు చానామందే. వంటింటి కిటికీ గూట్లో ఆయనకో స్టీలు గ్లాసు వేరేగా ఉండేది. ఆయన దానిని ముట్టలేదు. ఇంటి నుంచి సీసాలో నీళ్లు తీసుకపోయేటోడు, ముప్పై ఒక్క ఏండ్లు. అది ఆయన చేసిన సమ్మె. ఏ యూనియన్ లెక్కలోనూ లేదు.

అయితే ఆ కొలువులో ఒక్కటి జరిగింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్లు నిండిన రోజుకూలీలను పర్మనెంటు చెయ్యమని 1994లో 212 జీవో వచ్చింది. మా నాయిన పేరు ఆ లిస్టులో ఎక్కింది. అప్పటి నుంచి ఇంట్ల నెల మొదట్ల జీతం. పండుగ అడ్వాన్సు. జ్వరమొస్తే సెలవు. ఆ జీతంతోనే అక్క ఏఎన్ఎం చదివింది. నేను డిగ్రీ చేసిన, బీఈడీ చేసిన, 2017 నోటిఫికేషన్‌లో రాసి 2019లో టీచరునైన. మా వంశంలో డిగ్రీ కాయితం చూసింది మొదట నేనే. నా చదువు ఎవరి దయా కాదు, ఎవరి దానమూ కాదు. పూల కుండీలు మోసిన పర్మనెంటు కూలి అది. 2017లో రిటైర్ అయిన్నాడు శాలువా కప్పి ఫోటో దిగిన్రు. బంగళా ముందరి తలుపులోంచి ఆయన లోపలికి పోయింది ఆ ఒక్క రోజే.

ఇప్పుడు అదే తోటలో మా పెద్దమ్మ కొడుకు పనిచేస్తున్నడు. అదే కత్తెర, అదే గులాబీలు, అదే పంపు గది. కానీ అతను సర్కారు మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. మెడల వేసుకున్న కార్డు మీద బంగళా పేరు లేదు, కాంట్రాక్టరు పేరుంది. రెండేండ్లకోసారి కాంట్రాక్టరు మారుతడు, ఆ పాత సర్వీసు గాలికి పోతది. పెన్షన్ అనే మాటే లేదు. ఇది మా అన్న ఒక్కడి దురదృష్టం కాదు. 1994లోనే రెండో నంబరు చట్టం తెచ్చి రోజుకూలి నియామకాల తలుపు మూసిన్రు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినోళ్లకు పాత పెన్షన్ తీసేసిన్రు, అందులో నేనూ ఉన్న. 2006లో ఉమాదేవి కేసు తీర్పుతో సుప్రీంకోర్టు, ఎన్నేండ్లు చేసినా పర్మనెంటు అడిగే హక్కు లేదన్నది. ఆరో వేతన సంఘం చెప్పిందని కేంద్రంలో గ్రూప్-డి తరగతినే ఎత్తేసిన్రు. ఉన్నోళ్లను మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అన్నరు, కొత్త పనిని ఏజెన్సీలకు అప్పజెప్పుకుంట పోయిన్రు. రిజర్వేషన్‌తో మనోళ్లు మందిగా చేరగలిగే మొదటి మెట్టు అదే. మనం కాలు పెట్టే వేళకు మెట్టునే కొట్టేసిన్రు. ఔట్‌సోర్సింగ్ అంటే ఏందని పిల్లలు అడిగితే నేను చెప్పే అర్థం ఒక్కటే: జీతం కొంచెం ఉన్న బేగార్.

ఈ మాటలకు రెండు దిక్కుల నుంచి జవాబులొస్తయి. ఒకటి పాలకుల దిక్కు నుంచి. మీ మనిషి రాష్ట్రపతి అయిండు గదా, ఇంకేం కావాలె అంటరు. నిజమే. 1997లో కె.ఆర్. నారాయణన్, 2017లో రామ్‌నాథ్ కోవింద్, 2022లో ఆదివాసీ బిడ్డ ద్రౌపది ముర్ము ఆ ఇంట్లోకి పోయిన్రు. ముర్ము ఒకప్పుడు నా అసొంటి టీచరే. ఆ రోజు మా బళ్లె పిల్లలు చప్పట్లు కొట్టిన్రు, నేనూ కొట్టిన. కానీ కుర్చీలో కూసున్న మనిషి మారితే ఇంటి కట్టుబాటు మారుతదా? రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి హిందూ జాట్లు, రాజ్‌పుత్‌లు, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటున్నరని కోర్టుకు పోతే, 2013లో సైన్యం సుప్రీంకోర్టుకు ఏం చెప్పింది? కులం చూసి కాదు, ఉత్సవాల అవసరం కోసం ఎత్తు, రూపం ఒక్క తీరు ఉండాలె అన్నది. రాజ్యాంగానికి తల అయిన మనిషి గుమ్మం ముందట గుర్రమెక్కేటందుకు మూడు కులాలకే రూపం ఉన్నదట! మరి చీపురు పట్టేటందుకు ఏ కులాలకు రూపం ఉన్నది? కేంద్ర సిబ్బంది శాఖ తన నివేదికల్లో ఏండ్ల తరబడి సఫాయి కర్మచారులను వేరే గడిలో చూపించింది. ఆ ఒక్క గడిలో మాత్రం ఎస్సీలు 15 శాతం కోటాకు ఎంతో పైన ఉంటరు. అక్కడ ఎవరూ ప్రతిభ అడగరు, రిజర్వేషన్ వద్దని ధర్నా చేయరు.

రెండో జవాబు మన ఉద్యమ మిత్రుల నుంచే వస్తది. ఇవి బానిస పనులు, వీటిని వదిలిపెట్టమని చెప్పాలె గానీ పర్మనెంటు చెయ్యమని అడుగుడేంది అంటరు. మిత్రులారా, పనిని కులం నుంచి విడదీయాలె, అది అంబేద్కర్ దారి. కానీ ఇల్లు ఉన్నంత కాలం ఊడ్చే పని ఉంటది. ఆ పనికి గౌరవమైన జీతం, సెలవు, పెన్షన్ ఉంటే ఏమైతదో చూడున్రి: అన్ని కులాలోళ్లు దరఖాస్తు పెడతరు. కూలి పెరిగితేనే కులం కదులుతది. మా నాయినను చీపురు వదలమని ఉపన్యాసం చెప్పినోళ్లు మా ఇంట్ల బియ్యం పోయలేదు. 212 జీవో పోసింది. ఆ జీవో కొడుకును తోట నుంచి తరగతి గదికి తెచ్చింది. పని వదిలే శక్తి కూడా పనికి దొరికిన హక్కులోంచే వస్తది.

ఇది ఢిల్లీ, బొల్లారం ముచ్చటే అనుకోవద్దు. మా మండలం చుట్టూ చిన్న చిన్న నిలయాలు లేచినయి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లల్ల పెద్ద కట్టడాలు వద్దన్నరు. అయినా గోడల వెనుక ఫామ్‌హౌసులు లేచినయి. మా వాడ ఆడోళ్లు ఒకప్పుడు తమ తాతలు దున్నిన చెల్కల్లోనే ఇప్పుడు గిన్నెలు తోముతున్నరు. వారానికోసారి వచ్చే యజమాని కోసం వారమంతా ఇల్లు తుడుస్తున్నరు. వాళ్లకు హాజరు పట్టీ లేదు, జీతం చీటీ లేదు, పాము కరిస్తే దిక్కు లేదు. ఇంటి పనివాళ్ల హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దానిని ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టే వాళ్ల కోసం ప్రత్యేక చట్టం లేదని చెప్పి, కమిటీ వేసి ఆలోచించమని కేంద్రానికి చెప్పవలసి వచ్చింది. దేశంలో మొదటి ఇల్లే తన పనోళ్లను కనబడకుండా ఉంచితే మొయినాబాద్ ఫామ్‌హౌసు యజమాని ఎందుకు చూపిస్తడు?

కాబట్టి విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నిలయం చూడటానికి పోన్రి. సొరంగంలో నడువున్రి. బొమ్మలు చూడున్రి. బయటికి వచ్చినంక ఒక పని చేయున్రి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టున్రి. రాష్ట్రపతి భవన్‌కు, బొల్లారం నిలయానికి, మన గవర్నరు బంగళాకు, మీ జిల్లాలో ఉన్న ప్రతి పెద్ద బంగళాకు ఒక్కొక్కటి. అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

వంటింట్లో ఎందరు, తోటలో ఎందరు, పాయిఖానాలు కడిగే పనిలో ఎందరు? ఒక్కో పనిలో ఏ సామాజిక వర్గం వాళ్లు ఎందరు? పర్మనెంటు ఎందరు, ఏజెన్సీ కింద ఎందరు? ఏజెన్సీకి ఒక్కో మనిషి మీద ఎంత ఇస్తున్నరు, ఆ మనిషి చేతికి ఎంత వస్తున్నది? గడిచిన పదేండ్లలో ఊడ్చే పని నుంచి వంట పనికి మారినోళ్లు ఎందరు? ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి అక్కడ పనిచేసినోళ్ల పేర్ల పట్టీ ఉన్నదా? ఉంటే దానిని సందర్శకులు చదివేటట్లు గోడ మీద ఎప్పుడు రాస్తరు?

జవాబుకు ముప్పై రోజుల గడువుంటది. రాకుంటే అప్పీలు చేద్దాం. పేర్ల పట్టీ లేదని జవాబొస్తే పట్టీ మనమే రాద్దాం. ప్రతి వాడలో ఒక ముసలాయనో ముసలవ్వో ఏదో ఒక పెద్ద ఇంట్లో పనిచేసి వచ్చినోళ్లుంటరు. వాళ్ల దగ్గర కూసోని పేరు, ఊరు, ఏ ఏడు చేరిన్రు, ఏం పని చేసిన్రు, ఎంత కూలి ఇచ్చిన్రు అని అడిగి రాయున్రి. మా వాడ పట్టీ నేను మొదలు పెట్టిన. ఇప్పటికి ఇరవై మూడు పేర్లయినయి.